గోడ మీద వదిలేసిన క్యాబేజీ

ప్రశ్న: బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్లుగా ప్రతి శనివారం మా నగరంలో, లేనివారికి తిండి సరుకు ఊరికే పంచే ఒక ఫుడ్ బ్యాంకులో సాయం చేస్తున్నాను. వచ్చినవారికి ముందే కట్టి ఉంచిన సంచులు అందిస్తాం. రెండు నెలల కిందట ఒకామె సంచి తీసుకుని గేటు దాటాక, అందులోంచి క్యాబేజీ, రాజ్మా గింజల పొట్లం తీసి పిట్టగోడ మీద పెట్టింది. బిస్కెట్లు, బ్రెడ్డు మాత్రం పట్టుకుని బయలుదేరింది. వెంట ఏడెనిమిదేళ్ల కొడుకు. నాకు ఒళ్లు మండింది. "ఊరికే వచ్చిందని ఇలా వదిలేస్తారా? పిల్లవాడిని బిస్కెట్లతో పెంచుతారా?" అని వరుసలో ఉన్న అందరి ముందూ అనేశాను. ఆమె ఏమీ అనలేదు. మళ్లీ రాలేదు. సాయంత్రం తాళం వేసి వెళ్లేటప్పుడు చూస్తే గోడ మీద ఆ రెండూ లేవు, ఎవరు పారేశారో. ఆకలి రుచెరగదంటారు కదా, మరి వీళ్లకు ఈ ఎంపికలెందుకు? సంచిలోంచి బిస్కెట్లు తీసేయాలనీ, సంచి ఇచ్చేముందు పది నిమిషాలు పోషకాహారం గురించి చెప్పాలనీ మావాళ్లకు ప్రతిపాదించాను. సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది నన్ను వింతగా చూశారు. ఆ రోజు నేను అన్నది తప్పా? పాఠం చెప్పాలనుకోవడం తప్పా?

(పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు:

టీచర్ గారూ,

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందే చెప్పేస్తాను. తప్పే. అన్న మాట కన్నా అన్న చోటు మరీ తప్పు. తరగతిలో ఒక పిల్లవాడి పొరపాటును అందరి ముందూ ఎత్తిచూపితే వాడు ఆ పాఠం నేర్చుకోడు, మిమ్మల్ని తప్పించుకు తిరగడం నేర్చుకుంటాడు. ముప్ఫై ఏళ్లు చూసినవారికి ఇది నేను చెప్పాలా? పైగా ఆ రోజు పక్కన ఆమె కొడుకు ఉన్నాడు. తన తిండి విషయంలో తల్లి మాట పడటం చూశాడు. అయినా రెండు నెలలైనా అది మనసులో నలుగుతూ ఉత్తరం రాయించిందంటే, ఈ జవాబు మీకు ముందే తెలుసు. దీని మీద ఇంకేమీ అనను.

రెండో ప్రశ్న దగ్గర కాస్త తీరిగ్గా కూర్చుందాం. ఆమె క్యాబేజీ ఎందుకు వదిలేసింది? తెలియక, అని మీరు అనుకున్నారు. తెలియనివారికి చెప్పడం మీ వృత్తి కాబట్టి మందు కూడా మీ చేతిలోనే ఉన్నట్టు తోచింది. నాకు మాత్రం ఆమె లెక్క వేసుకుని వదిలేసిందనిపిస్తోంది. ఆ లెక్క మనమూ ఒకసారి వేసి చూద్దాం.

వంద గ్రాముల బిస్కెట్లలో దాదాపు 450 నుంచి 500 కేలరీలు ఉంటాయి. వంద గ్రాముల క్యాబేజీలో 25 ఉంటే గొప్ప. చిన్న బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చే శక్తి క్యాబేజీ నుంచి రావాలంటే రెండు కిలోల దాకా తినాలి. క్యాబేజీలో ఉన్న విటమిన్ సి, పీచు బిస్కెట్లలో ఎక్కడున్నాయని మీరంటారు. ఒప్పుకుంటాను. కానీ ఖాళీ కడుపుతో పడుకున్న పిల్లవాడిని నిద్రపుచ్చేది విటమిన్ సి కాదు. ఉన్న కాస్త డబ్బుతో ఎన్ని పూటలు నెట్టుకురావచ్చో చూసుకునే మనిషి, కేలరీ అన్న మాట ఎరగకపోయినా, కేలరీ ఎక్కడ చవగ్గా దొరుకుతుందో బాగా ఎరుగుదురు. దాదాపు ఏ నగరంలో చూసినా పిండి, చక్కెర, నూనె కలిపి చేసినవే చవక. పండ్లు, కూరగాయలు, గుడ్లు, చేపలు ప్రియం. బిస్కెట్ పెట్టెను లారీలో వేసి వారం తిప్పినా ఏమీ కాదు. ఆకుకూర రెండో రోజుకే వాడిపోతుంది. ఆ వాడిపోయినదాని ఖరీదు, చల్లగా ఉంచడానికైన ఖర్చు, దారిలో నలిగిపోయినదాని నష్టం అన్నీ చివరికి కొనేవాళ్ల మీదే పడతాయి.

ఇది ఒక్క మీ ఊరి గొడవ కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 280 కోట్ల మందికి పైగా ఆరోగ్యకరమైన ఆహారం కొనే స్తోమత లేదు. అంటే మూడో వంతు మందికి పైగా. వీళ్లందరికీ పాఠం తక్కువైందని ఎవరూ అనరు కదా.

ఇక మీ సంచి సంగతి. పండ్లు, కూరగాయలు కలిపి పెద్దవారికి రోజుకు 400 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 350 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తల్లీ కొడుకులకు కలిపి రోజుకు 750, వారానికి ఐదుంపావు కిలోలు. మీరిచ్చిన క్యాబేజీ మహా అయితే కిలో ఉంటుంది. దాన్ని ఆమె కళ్లకద్దుకుని తీసుకెళ్లినా ఆ వారం లోటులో ఐదింట నాలుగు వంతులు అలాగే మిగిలేవి. మీ మీద నింద వేయడానికి ఈ లెక్క చెప్పడం లేదు. సంచి చేయగలిగిన పనికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు సంచిదే, ఆమెది కాదు.

క్యాబేజీ కన్నా రాజ్మా గింజలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. మంచి తిండే. మాంసకృత్తులు, పీచు, ఇనుము పుష్కలం. ఏ ఆహార నిపుణుడిని అడిగినా మీ సంచిలో అన్నిటికన్నా గొప్ప వస్తువు అదేనంటాడు. కానీ వండాలి కదా. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం అరగంట తెర్లుతూ మరిగేలా ఉడికించాలి. మరగకుండా సన్నని వేడి మీద ఎంతసేపు ఉంచినా విషం పోదు సరికదా, పెరగనూవచ్చు. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు పట్టుకుంటాయి. ప్రెషర్ కుక్కర్ లేని ఇంట్లో అవి మెత్తబడటానికి గంట పైనే పడుతుంది. ఆ గంట మంటకు ఎంతవుతుంది? ఆ గంట సేపు ఒకే పొయ్యిని నలుగురు పంచుకునే ఇంట్లో ఆమె వంతు ఎంత? పని నుంచి ఎన్నింటికి వస్తుంది? సంచి కట్టినప్పుడు ఈ ప్రశ్నలు మీ గదిలో ఎవరికైనా వచ్చాయా?

సొంత గొడవ ఒకటి చెప్పుకుంటాను, మన్నించండి. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో నేనొక అద్దె గదిలో ఉండేవాడిని. ఉన్నది ఒక్క కరెంటు పొయ్యి. గ్లాసెడు నీళ్లు కాగడానికి దానికి పావుగంట కావాలి. చవగ్గా వస్తోందని ఒకరోజు పెద్ద గుమ్మడికాయ కొని భుజాన వేసుకుని వచ్చాను. కోయడానికి నా దగ్గర ఉన్నదల్లా పండ్లు కోసుకునే చాకు. బలమంతా పెట్టి దింపాను. రేకు సగం దాకా దిగి అక్కడే బిగుసుకుంది, పిడి నా చేతిలోకి వచ్చింది. మూడు రోజులు ఆ గుమ్మడికాయ, వీపున చాకు రేకుతో సహా, కిటికీ కింద కూర్చుని నన్ను చూస్తూ ఉండేది. నాలుగో రోజు చీకటి పడ్డాక, ఇంటివాళ్లు చూడకుండా తీసుకెళ్లి చెత్తలో వేశాను. ఆ నెలంతా బన్నులు తిని గడిపాను. అప్పుడెవరైనా వచ్చి గుమ్మడికాయలో విటమిన్ ఎ ఎంతుందో చెప్పి ఉంటే ఏమనేవాడినో ఇక్కడ రాయలేను.

ఇప్పుడు మీ సామెత దగ్గరికి వస్తాను. ఆకలి రుచెరగదు, నిజమే, పెద్దవాళ్ల ఆకలి. పిల్లల ఆకలి బ్రహ్మాండంగా ఎరుగుతుంది. తెలియని కూర ముందు పెడితే నోరు బిగించుకుని కూర్చునే పిల్లవాడిని మీరు చూడలేదా? కొత్త రుచి అలవాటు కావాలంటే పిల్లలకు దాన్ని ఎనిమిది నుంచి పదిహేను సార్లు పెట్టాల్సి వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కలిగిన ఇంట్లో ఇదొక సరదా: మొదటి ఏడుసార్లు పిల్లవాడు తోసేసిన గిన్నెను చెత్తలో వంచి, వాడికి ఇంకొకటి పెడతారు. లేని ఇంట్లో తోసేసిన ప్రతి గిన్నె ఒక పూట. ఆ పూటకు బదులు ఇంకో పూట లేదు. అమెరికాలో కైట్లిన్ డేనియల్ అనే సామాజిక పరిశోధకురాలు సరిగ్గా ఈ సంగతే పట్టుకున్నారు. 2016లో ప్రచురించిన ఆమె అధ్యయనంలో తక్కువ ఆదాయం ఉన్న తల్లిదండ్రులు పిల్లలు తప్పకుండా తినేవే కొంటున్నారని తేలింది. కూరగాయలు మంచివని తెలియక కాదు, పారేయడం తమ వల్ల కాక. ఈ ఖర్చు ఏ ధరల పట్టికలోనూ కనబడదు. దుకాణంలో క్యాబేజీ ఖరీదు ఎంతో రాసి ఉంటుంది. పిల్లవాడు తినకపోతే అయ్యే ఖరీదు తల్లి మనసులో మాత్రమే రాసి ఉంటుంది.

గేటు దగ్గర ఆమె చేసింది బహుశా ఇంతే. వాడు తింటాడా? తినడు. నేను వండగలనా? ఈ వారం వండలేను. మరి ఈ బరువు బస్సులో మోసుకెళ్లడం దేనికి?

అయితే మీ పక్షాన కూడా ఒక మాట ఉంది, దాచిపెట్టను. పేదల పేటల్లో తాజా సరుకు దొరికే దుకాణం లేకపోవడమే అసలు సమస్య అని చాలాకాలం అందరూ నమ్మారు. అలాంటి చోట్లను ఆహార ఎడారులని కూడా అన్నారు. అమెరికాలో 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం ఒకటి ఆ నమ్మకాన్ని కుదిపింది. కొత్త సూపర్ మార్కెట్ పక్కనే తెరిచినా జనం కొనే సరుకుల్లో మార్పు దాదాపు లేదు. సరుకు, ధరలు అందరికీ సమానంగా అందినా పేద, సంపన్న కుటుంబాల తిండిలోని తేడా పదో వంతు మాత్రమే తగ్గుతుందని ఆ అధ్యయనం లెక్కగట్టింది. మిగిలిన తేడాలో కొంత భాగానికి చదువు, పోషకాహార పరిజ్ఞానం కూడా కారణాలని చెప్పింది. కాబట్టి తెలియజెప్పడం దండగ అని నేననను. దుకాణం తెరవడంతో పని అయిపోదు, సంచి చేతికివ్వడంతోనూ అయిపోదు. కానీ సంచికి ముందు పది నిమిషాలు నిలబెట్టి చెప్పేది పాఠం కాదు, సుంకం. సంచి కావాలి కనుక ఆమె తలూపుతుంది. మీరు తృప్తిగా ఇంటికి వెళతారు. తలూపడానికీ అర్థం కావడానికీ తేడా మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఇక బిస్కెట్లు. మీ సంచిలోకి అవి ఎలా వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఆమె అడిగితే రాలేదు. ఎక్కడో ఒక కంపెనీ గోదాములో ఎక్కువయ్యాయి, పెట్టె నలిగింది, పైన ముద్ర తప్పుపడింది, మీకు పంపారు. ఫుడ్ బ్యాంకుకు వచ్చేది చాలావరకు ఎవరికో మిగిలిపోయినది. ఆకలిగొన్నవాడికి ఏం కావాలన్న ప్రశ్నతో ఆ సంచి మొదలు కాదు, అమ్మేవాడికి ఏం మిగిలిందన్న దానితో మొదలవుతుంది. తరువాత ఆ బిస్కెట్లు తిన్నందుకు తిన్నవాళ్లనే అంటాం!

దానం చేసిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని పెద్దలన్నారు. ఆ సామెత ఇచ్చినవాళ్లే పుట్టించి ఉంటారని నా అనుమానం. పాలివ్వని ఆవుకు గడ్డి వేయవలసింది పుచ్చుకున్నవాడే కదా, వాడు పళ్లు చూడకపోతే ఎలా?

అసలు ఈ ఫుడ్ బ్యాంకు అనే ఆలోచనే పుచ్చుకునేవాళ్ల నుంచి పుట్టింది. 1960ల్లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఒక ఉచిత భోజనశాలకు సరుకు సేకరించేవాడు. దుకాణాల వెనక చెత్తడబ్బాల్లో పిల్లల కోసం తిండి వెతుక్కునే ఒక తల్లి ఆయనతో అన్నదట: డబ్బు దాచుకునే బ్యాంకు ఉన్నట్టు, ఎక్కువైన తిండి దాచిపెట్టి కావలసినవాళ్లు తీసుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునని. 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు మొదలైంది. ప్రపంచంలో మొదటిదని దాన్నే అంటారు. మొదటి ఏడాదే 2,75,000 పౌండ్లు, అంటే దాదాపు 125 టన్నుల ఆహారం పంచింది. చరిత్రలో పేరు ఆయనది నిలిచింది, మాట మాత్రం ఆమెది.

అక్కడి ఫుడ్ బ్యాంకుల జాతీయ సంస్థ ఫీడింగ్ అమెరికాకు తరువాత ఒక చిక్కు వచ్చింది. అది మీ చిక్కే, కాకపోతే పెద్దది. దానంగా వచ్చిన సరుకును వంతుల వారీగా ఊళ్లకు పంపేవారు. ఎవరి వంతు వస్తే వారికి ఉన్నదేదో వెళ్లేది. బంగాళాదుంపలు పండించే ఐడహో రాష్ట్రానికి మళ్లీ బంగాళాదుంపలే వెళ్లే పరిస్థితి. 2005లో పద్ధతి మార్చారు. ఒక్కో ఫుడ్ బ్యాంకుకు, అక్కడ పేదలు ఎందరున్నారన్న దాన్నిబట్టి, ఖర్చు చేసుకోవడానికి కొన్ని పాయింట్లు ఇచ్చారు. కావలసిన సరుకు మీద ఆ పాయింట్లతో వేలం పాట పాడుకోమన్నారు. కూరగాయలు దండిగా ఉన్నవాళ్లు వాటి జోలికి పోకుండా లేని సరుకు తెచ్చుకున్నారు. ఫుడ్ బ్యాంకులు నడిపేవాళ్లకు ఎంచుకునే వీలిస్తే అందరికీ మేలు జరిగిందని మెచ్చుకుంటాం. మరి అదే వీలు వరుసలో చివర నిలబడ్డ తల్లికి ఇస్తే తప్పేముంది?

కాబట్టి మీ ప్రతిపాదనను వెనక్కి తీసుకుని ఇంకొకటి పెట్టమంటాను. ముందే కట్టిన సంచులు మానేసి, బల్లల మీద సరుకు పరిచి, ఎవరికి కావలసినవి వాళ్లను తీసుకోనివ్వండి. ఇన్ని వస్తువులని ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఇలా నడిపే ఫుడ్ బ్యాంకులు చాలా దేశాల్లో ఉన్నాయి. తోపులాట అవుతుందని మీవాళ్లు భయపడతారు. ఒక్కొక్కరికి ఒక వేళ కేటాయిస్తే అంత ఉండదు. కూరగాయలు తలుపు తీయగానే కనబడే బల్ల మీద, కంటి ఎత్తులో పెట్టండి. బిస్కెట్లు చివర పెట్టండి, తీసేయకండి. పిల్లవాడికి బడిలో అందరి ముందూ విప్పుకోగలిగిన పొట్లం ఒకటి ఉండటం కూడా వాడికి అవసరమే.

పొయ్యి లేనివాళ్లకు ఒక చిన్న బల్ల విడిగా ఉండాలి: వండకుండా తినేవి, వేడినీళ్లు పోస్తే చాలు అనేవి. ఎండు గింజల పక్కనే డబ్బాలో ఉడికించి పెట్టిన గింజలు ఉంచండి. వాటిలో ఉప్పు ఎక్కువని మీరంటారని తెలుసు. నీళ్లు వంచేసి కుళాయి కింద కడిగితే అందులో మూడో వంతుకు పైగా పోతుంది, ఇలాంటి కబురు బల్ల దగ్గర నిలబడి చెప్పండి, అది అక్కరకొచ్చే పాఠం. పెద్ద క్యాబేజీని సగానికో పావుకో కోసి, శుభ్రంగా చుట్టి పెట్టండి. ఫ్రిజ్ లేని ఇద్దరు మనుషుల ఇంటికి నిండు క్యాబేజీ ఎక్కువ. దాతలు నూనె, ఉప్పు, మసాలా ఇవ్వడం అరుదు. తాలింపు లేని కూర ఎవరు తింటారు? మీకు డబ్బుగా వచ్చే విరాళంలో మొదటి కొనుగోలు నూనె కావాలంటాను. ఇంకొకటి, వీలైతే శనివారం పగటితో పాటు ఒక పనిరోజు సాయంత్రం కూడా తలుపు తీయండి. మీ సంచి అవసరమైనవాళ్లలో శనివారాలు పనిచేసేవాళ్లూ ఉంటారు.

పాఠం చెప్పాలన్న మీ కోరికకు నా దగ్గర ఒక చోటు ఉంది. ఒక పొయ్యి, ఒక గిన్నె తెచ్చుకుని అక్కడే వండండి. మీ బల్ల మీద ఆ వారం ఉన్నవాటితోనే, అరగంటలో అయ్యేది. చిన్న చెంచాలతో పిల్లలకు రుచి చూపించండి. ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి. ఎనిమిది నుంచి పదిహేను సార్లు అన్నాను కదా, ఆ సార్లలో కొన్ని మీ గిన్నె మీద రాసుకోండి. తల్లి భరించలేని ఆ నష్టాన్ని ఫుడ్ బ్యాంకు భరించగలదు. పిల్లవాడు ఒకరోజు ఇంకో చెంచా అడిగితే, క్యాబేజీ తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆ తల్లి మళ్లీ లెక్క వేసుకుంటుంది. మీరు ఒక్క మాటా చెప్పనక్కరలేదు.

దానికి ముందు ఒక హోంవర్కు, ఇవ్వడం మీకు అలవాటే కనుక ఈసారి తీసుకోండి. మీరు కట్టిన సంచి ఒకటి ఇంటికి పట్టుకెళ్లండి. ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక చిన్న చాకు. ఫ్రిజ్ తలుపు తీయకూడదు, అల్మారాలోని పోపు డబ్బా ముట్టుకోకూడదు. రోజంతా నిలబడి పని చేసివచ్చాక, నలభై నిమిషాల్లో ఇద్దరికి భోజనం సిద్ధం కావాలి. మూడు రోజులు చేయండి. మీవాళ్లందరికీ ఆ మూడు రోజుల సంగతి చెబితే మిగతా సంస్కరణలకు ఓటింగ్ అక్కరలేదు.

ఇవన్నీ చేసినా ఆమెకు కూలి పెరగదు, అద్దె తగ్గదు. మార్కెట్‌లో తిండి ఉన్నా దాన్ని అందుకునే హక్కో దారో లేకపోవడం వల్లే మనుషులు పస్తులుంటారని అమర్త్య సేన్ 1981లోనే వివరంగా రాశారు. ఆ దారి వేయడం ఫుడ్ బ్యాంకు పని కాదు, నగరం పని. బ్రెజిల్‌లోని బేలో హొరిజాంచె నగరం ఆ పని నెత్తికెత్తుకుంది. 1993లో అక్కడి మేయర్ పాట్రుస్ అనానియాస్ ఆహారం పౌరుల హక్కని ప్రకటించి, దానికోసం నగరపాలక సంస్థలో ప్రత్యేక విభాగమే పెట్టారు. కూరగాయలు తక్కువ ధరకు అమ్మే దుకాణాలకు మంచి చోట్లలో స్థలం ఇచ్చి, ధర మీద మాత్రం పట్టు ఉంచుకున్నారు. జనతా భోజనశాలలు తెరిచారు. వాటిలో నాకు నచ్చింది ఒక్కటే: తలుపు దగ్గర నువ్వు పేదవాడివేనా అని ఎవరూ అడగరు. గుమాస్తా, కూలీ, విద్యార్థి, ఇల్లు లేనివాడు ఒకే వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడతారు. ఎవరు ఎందుకు వచ్చారో ఎవరికీ తెలియని వరుసలో ఎవరు ఎవరిని చిన్నబుచ్చగలరు? మీ నగరంలో ఇలాంటిది అడిగే గుంపు ఏదైనా ఉంటే, మీ శనివారాల్లో నెలకొకటి వాళ్లకివ్వండి.

ఆమె విషయం. సంచి పట్టుకుని ఆమె ఇంటికి మాత్రం వెళ్లకండి. ఇరుగుపొరుగు చూస్తుండగా తలుపు దగ్గర నిలబడి చెప్పే క్షమాపణ రెండో అవమానం. మీ పుస్తకంలో ఆమె ఫోను నంబరు ఉండి, ఫుడ్ బ్యాంకు తరఫున కబురు పంపడానికి ఆమె అనుమతి ఇచ్చి ఉంటే, రెండు ముక్కలు పంపండి: ఆ రోజు నేను అలా అనకుండా ఉండవలసింది, ఇప్పుడు కావలసినవి మీరే ఎంచుకోవచ్చు. అంతే. బాబు ఎలా ఉన్నాడు, ఏం తింటున్నాడు అని అడగవద్దు. జవాబు రాకపోతే మళ్లీ పంపవద్దు.

చివరిగా, మీ ఉత్తరంలో మీరు దాటిపోయిన చోట నేను ఆగిపోయాను. ఆమె క్యాబేజీని చెత్తడబ్బాలో వేయలేదు. రోడ్డు మీద విసరలేదు. పిట్టగోడ మీద, దారిన పోయేవాళ్లకు కనబడేటట్టు పెట్టింది. సాయంత్రానికి అది అక్కడ లేదు. ఎవరో పారేశారని మీరు రాశారు. ఏమో, పెద్ద గిన్నె ఉన్నవాళ్లెవరో తీసుకెళ్లి ఉండవచ్చు కదా. వచ్చే శనివారం గేటు పక్కన, ఎండ తగలని వైపు, ఒక బల్ల వేసి చూడండి. అక్కరలేనివి ఇక్కడ పెట్టండి, కావలసినవి తీసుకోండి అని ఒక అట్ట మీద రాసి కట్టండి. మీ చేతిరాత బాగుంటుంది, ఉత్తరంలో చూశాను.